ఇంటిల్లిపాదికీ ఒకే ఫోటోల పెట్టె

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కున గల్ఫ్‌కు పోయినవాళ్ళు లేని వాడ అరుదు. బిడ్డ పుట్టినా, బతుకమ్మ పేర్చినా, పెళ్ళి జరిగినా ఫోటోలు ఫోన్‌లోనే దుబాయ్‌కీ, మస్కట్‌కీ పోతాయి. ఇంట్లో నాలుగు ఫోన్లుంటే ఫోటోలు నాలుగు చోట్ల. ఫోన్ నీళ్ళల్లో పడిందా, అంతే సంగతులు! గూగుల్ ఫోటోస్‌లో దాద్దామంటే, 2021 జూన్ 1 నుండి కొత్తగా పెట్టేవి 15 జీబీ ఉచిత లెక్కలోకే వస్తున్నాయి. జీమెయిల్ ఉత్తరాలకీ ఆ చోటే.

అందుకని ఇంటి వైఫైకి కలిపిన ఒక పెట్టెలో అందరి ఫోటోలూ దాచుకోవచ్చు. ఇందులో రెండు రకాలున్నాయి.

మొదటిది చవక. మీ రౌటర్ వెనక యూఎస్‌బీ రంధ్రం ఉందేమో చూడండి. ఉండి, ఫైళ్ళు పంచుకునే సౌకర్యం కూడా ఉంటే హార్డ్ డిస్క్ తగిలిస్తే చాలు. కాస్త నిదానం. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి సరిపోతుంది.

రెండోది 'నాస్' అనే పెట్టె. ఖర్చు ఎక్కువ. ఎవరి ఫోల్డర్ వారికి, ఎవరి పాస్‌వర్డ్ వారికి ఇవ్వచ్చు. రెండు డిస్కులు పట్టేది తీసుకుంటే ఒకదానిలో రాసింది రెండోదానిలోనూ పడేట్టు పెట్టుకోవచ్చు. అప్పుడు 2 టీబీవి రెండు వేసినా దక్కేది 2 టీబీ చోటే. కంగారు పడకండి, ఫోటోకి 4 ఎంబీ చొప్పున 1 టీబీలోనే సుమారు రెండున్నర లక్షలు పడతాయి. చోటు తినేవి వీడియోలు.

ఇక్కడే అసలు సంగతి. రెండు డిస్కులున్నాయని నిశ్చింతగా ఉండకూడదు. ఒకటి చెడిపోతే రెండోది ఆదుకుంటుంది, నిజమే. కానీ పిల్లలు పొరపాటున చెరిపేస్తే రెండింటిలోనూ పోతుంది. రెండు జాడీల్లోనూ ఒకే తడి గరిటె పెట్టినట్టే! పిడుగు పడ్డా, దొంగలు పడ్డా పెట్టె మొత్తానికే ముప్పు. కాబట్టి మరో హార్డ్ డిస్క్‌లోకి నెలకోసారి కాపీ చేసి, వైరు తీసేసి, పుట్టింట్లోనో ఆడబిడ్డ ఇంట్లోనో పెట్టండి. డబ్బు తక్కువైతే ఖరీదైన పెట్టె మానుకోండి గానీ ఈ రెండో ప్రతిని మాత్రం మానుకోవద్దు.

కరెంటు పోయి వచ్చే ఇళ్ళల్లో పెట్టెకి చిన్న యూపీఎస్ తప్పనిసరి. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు చూడాలని పెట్టెను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచకండి. 2022లో డెడ్‌బోల్ట్ అనే వైరస్ అలా తెరిచి ఉంచిన క్యూన్యాప్ పెట్టెల్లోకి దూరి, ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగింది.

చివరగా ఒక్క మాట. పాస్‌వర్డ్ దూరదేశంలో ఉన్న మనిషికే తెలిస్తే లాభం లేదు. ఒక కాగితం మీద రాసి, పట్టా పాసుబుక్కుతో పాటు బీరువాలో పెట్టుకోండి.