సుగ్గికి పోయిన పలక

మంత్రాలయం అనగానే రాఘవేంద్రస్వామి బృందావనం కళ్లముందు మెదులుతుంది. తుంగభద్రలో మునిగి, దర్శనం చేసుకుని, పరిమళ ప్రసాదంతో తిరుగు ప్రయాణమయ్యే భక్తులకు చుట్టుపక్కల ఊళ్ల సంగతి పెద్దగా తెలియదు. వానలు ముఖం చాటేసిన ఏడు మంత్రాలయం, కోసిగి, పెద్దకడుబూరు ప్రాంతాల్లో ఊళ్లకు ఊళ్లే లారీలెక్కుతాయి. మూటలు, గిన్నెలు ఎక్కించాక చివర్లో పిల్లల్ని ఎక్కిస్తారు. ఎక్కడికంటే 'సుగ్గికి' అంటారు. గుంటూరు వైపు పత్తి తీతకు, మిరపకోతకు. ఇంటికి కాపలా అవ్వా తాతలే.

ఆ లారీలో ఐదో తరగతి పిల్ల ఒకతి ఉందనుకోండి. ఆమె చేతికి ఎవరూ కూలి ఇవ్వరు. చంటి తమ్ముణ్ని ఆమె చూసుకుంటే తల్లికి రెండు చేతులూ ఆడతాయి. కూలి కిలోల లెక్కన కాబట్టి, వాడు నిద్రపోయాక ఆమె కూడా సాలులోకి దిగుతుంది. మరి ఈ పిల్ల బాలకార్మికురాలేనా? 'మా బిడ్డ మాతోనే ఉంది కదా' అంటుంది తల్లి. ఆ మాటలో అబద్ధం లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

బాలల చట్టాలు చదివేవారికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి, 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్నారు. సొంత కుటుంబం పనిలో సాయానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. అదీ బడి వేళలయ్యాకో, సెలవుల్లోనో, చదువుకు అడ్డురాకుండా. పరాయి రైతు పొలంలో కూలిపని సొంత కుటుంబం పని ఎలా అవుతుంది? నెలల తరబడి బడి మానిపించాక చదువుకు అడ్డురాలేదని ఎలా అంటాం?

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్పించే బాధ్యత స్థానిక సంస్థలదని అందులో రాశారు. బదిలీ సర్టిఫికెట్ ఆలస్యమైందని ఏ బడీ చేర్చుకోవడం ఆపకూడదు. అంటే మన ఐదో తరగతి పిల్ల గుంటూరు జిల్లాలో దిగిన మర్నాడే అక్కడి సర్కారు బడిలో కూర్చోవచ్చు. ఆ సంగతి ఆమె తల్లికి చెప్పేదెవరు?

విధానం కూడా లేకపోలేదు. తల్లిదండ్రులు వలసపోయినా పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు సర్వశిక్షా అభియాన్ కింద సీజనల్ హాస్టళ్లు వచ్చాయి. అయితే హాస్టల్ లారీకన్నా ముందు రావాలి. పిల్లలు వెళ్లిపోయాక తలుపులు తీస్తే, పెళ్లయ్యాక పందిరి వేసినట్లే.

రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎంవీ ఫౌండేషన్‌తో కలిసి పనిచేసి, 2003లో మెగసెసె అవార్డు అందుకున్న శాంతా సిన్హా లెక్క సూటిగా ఉంటుంది: బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే. 2007లో ఏర్పాటైన జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు తొలి అధ్యక్షురాలు ఆవిడే. ఈ లెక్కన చూస్తే కూలి తీసుకుందా, తమ్ముణ్ని ఆడించిందా అన్న వాదనకే తావులేదు. అడగాల్సింది ఒక్కటే: పిల్ల ఇవాళ బడిలో ఉందా?

ఆ ప్రశ్న వేయడానికి లా డిగ్రీ అక్కర్లేదు. లారీ కదలకముందే ఊళ్లో పంతులుగారు అడగొచ్చు, అంగన్‌వాడీ టీచరమ్మ అడగొచ్చు. దిగిన చోట పొలం యజమానీ అడగొచ్చు. పనిలో మగ్గుతున్న పిల్లలు కనిపిస్తే 1098కి ఎవరైనా ఫోన్ చేయొచ్చు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం అలాంటి బిడ్డను, ప్రయాణ సమయం పోను, 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకెళ్లాలి. తల్లినీ బిడ్డనూ విడదీయడం కాదు దాని ఉద్దేశం. ఆ ఇంటికి ఏ సాయం అందితే పిల్ల బడికెళ్తుందో తేల్చడం.

కరవును చట్టం ఆపలేదు. కానీ కూలి కోసం లారీ ఎక్కే అమ్మానాన్నల వెంట పలక కూడా ఎక్కకుండా ఆపగలదు. హాజరుపట్టీలో వరుసగా పడుతున్న సున్నాలను ఎవరో ఒకరు సకాలంలో చూస్తే చాలు.