పాత స్కాను పారవేయకండి

నమాజుకు వరుస తీర్చేటప్పుడు మా మదరసా పిల్లలకు మేము మొదట చెప్పే మాట ఒకటున్నది: కాలివేళ్ళను కాదు, మడమలను చూసుకోండి. పాదాలు ఒక్కొక్కరివి ఒక్కొక్క పొడవు. వేళ్ళు కలిపితే వరుస వంకరపోతుంది. మడమలు, భుజాలు కలిస్తేనే నిలుస్తుంది. ఈ మాటకు వైద్యశాస్త్రంలోనూ చోటున్నదని ఇటీవలనే తెలుసుకున్నాము.

పాలకొల్లులో మాకు పరిచయమైన ఒక పెద్దాయనకు ఊపిరితిత్తిలో కణితి ఏర్పడింది. హైదరాబాదులో రేడియోథెరపీ పూర్తి చేయించారు. మూడు నెలల తరువాత ఇక్కడికి దగ్గరలో స్కాను తీయిస్తే, కొత్త నీడ కనబడుతున్నదని రిపోర్టు వచ్చింది. ఆయన కుమారుడు ఆ కాగితంతో మా వద్దకు వచ్చాడు.

"హజ్రత్, అబ్బాకి మళ్ళీ పెరిగినట్టుంది. ఇంకా తిప్పి బాధపెట్టడమెందుకు, ఇంట్లోనే ఉంచుదామని అమ్మీ అంటోంది."

పాత స్కానుతో పోల్చి చూశారా అని అడిగాము. పాతది గదా అని ఆ డిస్కును ఎవరూ పట్టించుకోలేదు. రెండు రోజులు వెదికితే బట్టల పెట్టె అడుగున దొరికింది. దానిని తీసుకొని, చికిత్స చేసిన వైద్యుల వద్దకు వారితోపాటు మేమూ వెళ్ళాము.

హైదరాబాదులో నేడు మెహదీ నవాజ్ జంగ్ పేరుతో ఉన్న క్యాన్సర్ ఆసుపత్రి వెలసిన 1955 నాటికి సి.టి. స్కాను లేదు. ఎక్స్‌రే ఫిల్ములను వెలుగుకు పెట్టి కంటితోనే పోల్చేవారు. 1971లో ఇంగ్లండులో హౌన్స్‌ఫీల్డ్ యంత్రంతో మొదటి రోగిని పరీక్షించిన తరువాత సి.టి.తో శరీరాన్ని పొరలు పొరలుగా చూడడం సాధ్యమైంది. అయితే ఛాతీ కదలక ఉండేది కాదు. శ్వాసతోపాటు ఊపిరితిత్తి కింది భాగంలోని కణితి ఒక సెంటీమీటరుకు మించి కూడా జరుగవచ్చు. మనిషి బరువు తగ్గుతాడు, పడుకునే తీరు మారుతుంది. అందుచేత పాత స్కానులోని ఇరవయ్యో పొర, కొత్తదానిలోని ఇరవయ్యో పొర ఒకే చోటును చూపవు.

కాబట్టి కంప్యూటరుపై మొదట వెన్నెముకను వెన్నెముకతో కలుపుతారు. అదే ఇక్కడి మడమ. ఆపైన శ్వాసనాళాలు, రక్తనాళాల కొమ్మలను ఆధారం చేసుకొని ఊపిరితిత్తుల ఆకారాన్ని సరిచేస్తారు. ఇందులో ఒక ప్రమాదమున్నది. తగ్గిన కణితిని పాత ఆకారానికి సాగదీస్తే, తెలియవలసిన మార్పే మరుగున పడుతుంది. అందుకే యంత్రం చేసిన పనిని వైద్యుడు కంటితో సరిచూస్తాడు.

తరువాత కిరణాలు పడిన ప్రాంతపు పటాన్ని దానిపై పరిచారు. కొత్త నీడ చాలావరకు ఆ హద్దులలోనే ఉన్నది. రేడియోథెరపీ ముగిసిన ఒకటి నుంచి ఆరు నెలల్లో కొందరికి ఊపిరితిత్తి వాచి ఇలాంటి నీడ కనబడుతుంది. తరువాత అది మచ్చగా మిగులవచ్చు. "ఇది వాపు కావచ్చు. కణితి కాదని ఇప్పుడే చెప్పను" అని వైద్యులు మందులు వ్రాసి, మళ్ళీ స్కానుకు గడువు పెట్టారు. ఆ గడువు ఇంకా రాలేదు. కాని వైద్యం అందవలసిన మనిషిని ఇంట్లో పడుకోబెట్టే పొరపాటు తప్పింది.

ఇది విని ప్రతి నీడనూ వాపేనని ఊరట చెందరాదు. కణితి తిరిగి పెరగడమూ జరుగుతుంది. చికిత్స తరువాత ఆయాసం, జ్వరం, పొడిదగ్గు కనబడితే తదుపరి స్కాను వరకు ఆగక వెంటనే వైద్యునికి చెప్పాలి.

గృహిణులకు మా విన్నపం ఒకటే. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, చిత్రాలున్న డిస్కు కావాలి. దానిపై తేదీ వ్రాసి, ఇంటి పత్రాలతోపాటు భద్రపరచండి. రేడియోథెరపీ వివరాల పత్రాన్ని అడిగి తీసుకోండి. కొత్త స్కానుకు వెళ్ళినప్పుడల్లా పాతవన్నీ వెంట తీసుకువెళ్ళండి.

ఒక వార్త వినగానే విచారించక తీర్పు చెప్పరాదని మన ధర్మం నేర్పింది. ఆసుపత్రి కాగితమూ ఒక వార్తయే. పాత చిత్రాన్ని పక్కన నిలిపి చూచిన తరువాతనే దుఃఖమైనా, సంతోషమైనా.