దృఢత్వం ప్రమాణం కాదు: యోగదర్శనంలో అభ్యాసం, విశ్వాసం

‘యద్భావం తద్భవతి’ అనే లోకోక్తిని పతంజలికి అంటగట్టి, యోగదర్శనం నమ్మినదాన్ని నిజం చేసుకొనే విద్య అని తేల్చే ధోరణి తెలుగు సాహిత్య విమర్శలో తరచుగా కనిపిస్తుంది. ఆ వాక్యం యోగసూత్రాల్లో లేదు. అక్కడున్నది అంతకంటే కఠినమైన మాట.

పతంజలి చెప్పిన ఐదు చిత్తవృత్తుల్లో యథార్థజ్ఞానమైన ప్రమాణమూ, భ్రాంతిజ్ఞానమైన విపర్యయమూ పక్కపక్కనే ఉన్నాయి. రెండూ నిరోధింపవలసినవే. వృత్తి సంస్కారాన్ని మిగులుస్తుంది, సంస్కారం తిరిగి అటువంటి వృత్తినే లేపుతుంది. వ్యాసభాష్యం దీన్ని ఎడతెగని చక్రంగా వర్ణించింది. తిరిగే చక్రానికి సత్యాసత్యాల పట్టింపు లేదు. పదేపదే మననం చేసిన భ్రాంతి కూడా యథార్థజ్ఞానమంత గట్టిగానే వేళ్లూనుతుంది. కాబట్టి విశ్వాసపు దృఢత్వం అభ్యాసానికి సాక్ష్యమే గాని సత్యానికి కాదు. దీర్ఘకాలాభ్యాసాన్ని ప్రశంసించే పధ్నాలుగో సూత్రాన్ని ఉదాహరించేవారు, అభ్యాసాన్ని వైరాగ్యంతో జతపరచిన పన్నెండో సూత్రాన్ని వదిలివేయడం యాదృచ్ఛికం కాదు.

సమాధిపాదం శ్రద్ధను పేర్కొన్నది కదా అని ఆక్షేపించవచ్చు. పేర్కొన్నది. అయితే ఆ క్రమంలో శ్రద్ధ మొదటిది, ప్రజ్ఞ చివరిది. మొదటి మెట్టును గమ్యంగా చూపడం వ్యాఖ్యానం అనిపించుకోదు.

పోతన భాగవతాన్ని ఈ వాదానికి ఆసరా చేసుకోవడం మరీ చిత్రం. సప్తమస్కంధంలో నారదుడు ధర్మరాజుకు చెప్పిన భ్రమరకీటక దృష్టాంతం అందరికీ పరిచితమే. కంసుడు భయంతో నిరంతరం విష్ణువునే తలచి, లోకమంతటా అతణ్ణే చూశాడు. ఏకాగ్రత అతని చూపును మార్చింది. వైరాన్ని మాత్రం తాకలేదు. అతనికి దక్కిన ముక్తి భగవంతుని మహిమ వల్లనే గాని కంసుని అభిప్రాయం సరైనదైనందువల్ల కాదు. భక్తిపురాణపు తీర్పును దర్శనగ్రంథానికి అతికించడం రెండింటికీ అన్యాయం.

ఇది గ్రంథాలకే పరిమితమైన వివాదం కాదు. షాద్‌నగర్ సమీపాన, నందిగామ మండలంలోని కాన్హా శాంతివనంలో లక్షమంది కూర్చోగలదిగా ప్రసిద్ధమైన ధ్యానమందిరం 2020లో ప్రారంభమైంది. ఇటువంటి చోట్ల సాధకులు చెప్పే అనుభవకథనాలు పరిశోధనకు విలువైన సామగ్రి. వాటిని తత్త్వనిర్ణయాలుగా స్వీకరించడమూ, భ్రమలని కొట్టివేయడమూ ఒకే తప్పుకు రెండు ముఖాలు. (ఒకే పీఠికను పాతికసార్లు ఉదాహరించి సిద్ధాంతంగా నమ్మే పరిశోధకులు సాధకులను చూసి నవ్వే అర్హత కోల్పోతారు.) ఆ సాధకుడు ఏ ఆలంబనపై, ఎంతకాలం, ఎవరి బోధలో మనసు నిలిపాడు, అంతకుముందు అతని నమ్మకం ఏమిటి అన్నవే అక్కడ ముందుగా అడగవలసిన ప్రశ్నలు.