పులి కథలు మగవాళ్ళ సొత్తా?

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక, వంటిల్లు సర్దేసి, కిటికీ పక్కన చాప వేసుకుని జిమ్ కార్బెట్ పుస్తకం చదువుకుంటున్నాను. అంతలో మా పెద్దాడపడుచు వచ్చింది. అట్ట మీద పులి బొమ్మ చూసి, "ఇదేం చోద్యమే! మా తమ్ముడి పుస్తకమా?" అంది. "కాదు వదినా, నాదే" అన్నాను. జ్వరంతో పలవరిస్తున్నవాళ్ళని చూసినట్టు చూసింది నా వంక. "ఆడవాళ్ళకెందుకే పులుల గొడవ? హాయిగా ఓ సీరియల్ చదువుకోరాదూ?" అని సలహా కూడా పారేసింది.

సాయంత్రం వీధరుగు మీద మావారి స్నేహితులు చేరారు. కాఫీలు ఇవ్వబోతూ మాటవరసకు ఆ పుస్తకం సంగతి ఎత్తాను. వాళ్ళలో ఒకాయన గ్లాసు అందుకుంటూనే, "అంతా కోతలండీ చెల్లెమ్మగారూ! అడవిలో ఎవడు చూడొచ్చాడు?" అని ఒక్క మాటలో కొట్టిపారేశాడు. రాత్రి అన్నం దగ్గర, కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి, "పులుల్ని చంపినవాడి గొప్పలు చదవడానికి నీకు మనసెలా వచ్చిందమ్మా?" అని నిలదీసింది.

ఒక్క పూటలో మూడు తీర్పులు! ఒకరు ఆడవాళ్ళు చదవకూడదన్నారు, ఒకరు అబద్ధమన్నారు, ఒకరు పాపమన్నారు. ముగ్గురిలో ఒక్కరైనా ఆ పుస్తకం తెరిచి చూశారా అంటే, లేదు. ఇంట్లో నా మాట పోపు చప్పుడులో కలిసిపోతుంది గనక, ముగ్గురికీ కలిపి ఇక్కడే జవాబు చెబుతున్నాను.

ముందు మా వదినగారికి. జాడ తీయడం మగవాళ్ళ విద్య అని ఎవరన్నారు? నేను చూసిన మొదటి వేటగాడు మా అత్తగారు. ఆవిడ రాజోలు తాలూకా దాటి ఎప్పుడూ అడవి మొహం చూసి ఎరగరు. మన కోనసీమలో అడవెక్కడిది, ఏటి మొగల దగ్గర మడ తప్పిస్తే?

నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో జరిగింది. వెనక వసారాలో చక్కెరకేళీ గెల వేలాడదీశాం. రోజూ తెల్లారేసరికి రెండు మూడు పళ్ళు మాయం. తొక్కలు మాత్రం నేల మీద. పొద్దున్నే వెనక గుమ్మంలోంచి వచ్చేది పనిచేసే అమ్మాయి ఒక్కతే. ఇంకేముంది, ఇంట్లో అందరి చూపూ ఆ పిల్ల మీద పడింది. నిజం చెప్పాలి కదా, నా చూపు కూడా. నోరు తెరిచి ఎవరూ ఏమీ అనలేదు. కాని ఆ పిల్ల వచ్చే వేళకి బీరువా తాళం చెవులు తడుముకోవడం మొదలెట్టాం. అది చాలదూ?

మా అత్తగారు మాత్రం ఏమీ మాట్లాడకుండా ఆ తొక్కలు ఏరి చేతిలోకి తీసుకుని చూశారు. "మనిషైతే ఒలుచుకు తింటాడే. ఇది పంటితో చీల్చింది" అన్నారు. ఆ రాత్రి పడుకోబోయే ముందు గెల కింద పలచగా ముగ్గుపిండి జల్లారు. పొద్దున్నే నన్ను లేపి చూపించారు. పిండిలో చిన్న చిన్న అడుగులు! "పిల్లి అడుగైతే నాలుగు వేళ్ళే పడతాయి, గోళ్ళు పడవు. నడిచేటప్పుడు లోపలికి ముడుచుకుంటుంది. కుక్కకీ నాలుగే, కాని గోళ్ళు గుచ్చుకుంటాయి. దీనికి చూడు, అయిదు వేళ్ళు. ఇది మానుపిల్లి. కొబ్బరి చెట్టు మీంచి అటకలోకి దిగుతోంది" అన్నారు. ఆ రోజే అటక సందు మూయించారు. మర్నాటి నించి ఒక్క పండు పోతే ఒట్టు.

ఆ పిల్ల అప్పుడు నూతి దగ్గర తల వంచుకుని గిన్నెలు తోముతోంది. మేం అనుమానించామని ఆమెకి తెలుసు. ఆమెకి తెలుసని మాకూ తెలుసు. తప్పయిందని చెప్పడానికి ఒక్కరికీ నోరు పెగల్లేదు, నాతో సహా. ఆ సిగ్గు ఈనాటికీ పోలేదు.

అందుకేనేమో, కార్బెట్ మట్టిలో పులి అడుగు దగ్గర వంగి, ఇది కాస్త కోలగా ఉంది కాబట్టి ఆడపులి, చదరంగా ఉంటే మగది, అంచులు చెదరలేదు కాబట్టి ఇప్పుడే వెళ్ళింది అని లెక్క కడుతుంటే, నాకు మా అత్తగారే కనిపిస్తారు. నిన్నటి పాలకీ ఇవాళ్టి పాలకీ వాసనలో తేడా పట్టేవాళ్ళం, పిల్లాడి అడుగు చప్పుడు విని పరీక్ష ఎలా రాశాడో చెప్పేవాళ్ళం, మనకి కాకపోతే ఈ కథలు ఇంకెవరికండీ?

అంతేకాదు. ఆ కథల్లో ఉన్నది కూడా మనమే. 1907లో కార్బెట్ చంపిన చంపావత్ ఆడపులి 436 మందిని పొట్టన పెట్టుకుంది. నేపాలులో 200, కుమావూఁలో 236. ఈ అంకె మగవాళ్ళందరికీ నోటికి వచ్చు. కాని ఆ కొండల్లో పశువులకి ఆకు కోయడానికీ, కట్టెలు ఏరడానికీ అడవిలోకి వెళ్ళేది ఎవరు? ఆడవాళ్ళు. ఆ పులికి చివరగా బలయినది కట్టెలేరడానికి వెళ్ళిన పదహారు పదిహేడేళ్ళ పిల్ల.

అదే కథలో ఇంకొకావిడ ఉంది. తన అక్కనో చెల్లెల్నో పులి కళ్ళముందే నోట కరుచుకు పోతుంటే, కొడవలి పట్టుకుని దాని వెంట పరిగెత్తింది. దాన్ని వదిలి నన్ను తీసుకుపొమ్మని అరిచింది. పులి వెనక్కి తిరిగి గదమాయించింది. ఆవిడ ఎలాగో ఊళ్ళోకి వచ్చి పడింది గాని, నోట మాట పోయింది. పులి చచ్చాక కార్బెట్ దాని చర్మం తీసుకెళ్ళి ఆవిడకి చూపించాడు. పోయిన మాట తిరిగి వచ్చింది.

ఈ కథ చదివిన మగవాళ్ళని నలుగురిని అడిగాను. తుపాకీ పేరు చెప్పారు, పులి కొలత చెప్పారు. ఈవిడ సంగతి ఒక్కరికీ గుర్తు లేదు! కార్బెట్ చేతిలో తుపాకీ ఉంది. ఆవిడ చేతిలో ఉన్నది గడ్డి కోసే కొడవలి. మరి ఎవరిదండీ సాహసం? రాసినవాడు మర్చిపోలేదు. చదివినవాళ్ళు మర్చిపోయారు. అందుకే అంటాను, ఈ కథలు మనం కూడా చదవాలి అని. లేకపోతే సగం కథ చదివినవాళ్ళుండరు.

ఇక, కోతలన్న పెద్దమనిషికి. అన్నయ్యగారూ, అనుమానించడం తప్పు కాదు. 1907లో జరిగిన సంగతి పుస్తకంగా వచ్చింది 1944లో. అన్నేళ్ళలో జ్ఞాపకం కాస్త అటూ ఇటూ కావచ్చు. కాని కోతలు కోసేవాడెవడూ తన ఓటమి రాసుకోడు. కార్బెట్ ఏం రాశాడు? ఆ పులి తిరిగే దారిలో రాత్రల్లా చెట్టు కింద కూర్చుని, భయంతో పళ్ళు పటపటలాడాయని రాశాడు. ఆఖరి ఘడియలో తన తూటాలు అయిపోతే తహసీల్దారు తుపాకీ అడిగి పుచ్చుకుని పులి నోటికి గురిపెట్టాననీ, గుండు నోటికి కాక కాలికి తగిలిందనీ రాశాడు. రుద్రప్రయాగలో 125 మందిని చంపిన చిరుతపులి కోసం 1925లో నెలల తరబడి తిరిగి, ఏమీ చెయ్యలేక వెనక్కి వెళ్ళిపోయాననీ, మళ్ళీ వచ్చి 1926లో గాని దాన్ని చంపలేకపోయాననీ రాశాడు. మీ వీధరుగు మీద ఇన్నేళ్ళుగా ఎన్నో కబుర్లు విన్నాను. వాటిలో చెప్పినాయన ఓడిపోయిన కథ ఒక్కటైనా ఉందా?

ఇంకో చిత్రం వినండి. 2024 సెప్టెంబరులో రాజమండ్రి పక్కన దివాన్‌చెరువు దగ్గర చిరుత కనిపించింది. అక్కణ్ణించి కడియం నర్సరీల వైపు వచ్చింది. అటవీశాఖవాళ్ళు కెమెరాలు కట్టి, బోనులు పెట్టి, అడుగులు వెతుకుతూ రాత్రింబగళ్ళు తిరిగారు. ఆ వారం మా ఫోనుల్లో ఎన్ని చిరుతలు తిరిగాయో లెక్కే లేదు! ఒకటి గోడ దూకుతోంది, ఒకటి మేడ మీద పడుకుంది, ఒకటి ఏకంగా మంచుకొండల్లో నడుస్తోంది. గోదావరి జిల్లాలో మంచేమిటండీ? వాటిని మాకు పంపినాయన ఎవరనుకున్నారు? కార్బెట్‌వి కోతలన్న ఈ అన్నయ్యగారే! పేరూ ఊరూ తేదీ రాసి, తన భయం కూడా దాచుకోకుండా ఒప్పుకున్నవాడి మాట అబద్ధం. ఎవడు తీశాడో, ఎక్కడ తీశాడో తెలియని బొమ్మ నిజం. ఇదేం న్యాయం?

ఇదేమీ నవ్వులాట కాదు. అలాంటి బొమ్మ ఒకటి చూసి పిల్లల్ని బడి మాన్పించిన తల్లులున్నారు. నర్సరీలో మొక్కలకి నీళ్ళు పోసి రోజుకూలి తెచ్చుకునే ఆడమనిషి, ఒక్క పుకారుకి ఒక రోజు తిండి పోగొట్టుకుంటుంది. అటవీశాఖవాళ్ళు పాపం నిజమైన జాడ వదిలేసి, అబద్ధపు జాడల వెంట పరిగెత్తాల్సి వస్తుంది.

అడుగుజాడని కూడా గుడ్డిగా నమ్మమని నేననడం లేదు. మన దేశంలో చాలా ఏళ్ళు పులుల్ని వాటి అడుగుల అచ్చులు తీసే లెక్కపెట్టారు. కాగితం మీద పులులు బాగానే ఉన్నాయి. 2005లో చూస్తే రాజస్థాన్‌లోని సరిస్కా అడవిలో ఒక్క పులీ మిగల్లేదని తేలింది. ఆ తరవాత ఆ పద్ధతి మానేసి, కెమెరాలు కట్టి ఒంటి మీది చారల్ని బట్టి పులిని గుర్తుపట్టడం మొదలుపెట్టారు. తప్పు అడుగుది కాదు, చూసిన కంటిది. కావాలనుకున్నది చూసే కన్ను పులినీ చూస్తుంది, దొంగనీ చూస్తుంది. అరటిపళ్ళ విషయంలో మేం చూశాం కదా!

చివరికి మా అమ్మాయికి. నీ జాలి నాకు ముద్దొస్తుందే తల్లీ. పెంచినదాన్ని నేనే కదా! కాని పుస్తకం చివరిదాకా చదివి జాలిపడు. ఆ చంపావత్ పులి నోరు తెరిచి చూస్తే కుడివైపు కోరలు పైదీ కిందిదీ విరిగిపోయి ఉన్నాయి. ఎప్పుడో ఎవడో కాల్చిన తుపాకీ దెబ్బ. అందుకే తన సహజమైన వేట వేటాడలేక మనిషి మీద పడిందంటాడు కార్బెట్. జాడ పట్టుకుని పోతే అది చివరికి మనిషి గుమ్మంలోకే వచ్చి ఆగింది. ఈ మాట చెప్పడానికి అంత జాడ తీసినవాడే కావాలి. అతనే తరవాత తుపాకీ పక్కన పెట్టి కెమెరా పట్టాడు. పులుల కోసం 1936లో ఏర్పడిన పార్కుకి 1957లో అతని పేరే పెట్టారు. చంపినందుకు పెట్టారా, కాపాడినందుకు పెట్టారా?

నిజానికి నాకు కోపం వచ్చే సంగతి ఇంకొకటుంది. కథంతా దొర పేర చెలామణీ అవుతుంది. దారి చూపినవాడి పేరు ఎవరికీ పట్టదు. బొలారంలో పుట్టిన కెన్నెత్ ఆండర్సన్ అప్పటి మన చిత్తూరు జిల్లా మామండూరు, చామల అడవుల పులుల గురించి రాశాడు. తనకి అడవి నేర్పినవాడు బైరా అనే పూజారి తెగ మనిషి అని మొహమాటం లేకుండా చెప్పుకున్నాడు. చదివినవాళ్ళు ఆండర్సన్‌ని గుర్తుపెట్టుకుని బైరాని వదిలేశారు. నల్లమలలో 1983 నించీ పులుల సంరక్షణ జరుగుతోంది. ఆ అడవిలో ఎండుటాకు మీది అడుగు కూడా పట్టగల చెంచులు అటవీశాఖ పక్కన నిలబడి కాపలా కాస్తున్నారు. వాళ్ళలో ఒక్కరి పేరు చెప్పగలమా మనం? ఇవాళ బీట్ ఆఫీసర్లుగా మన ఆడపిల్లలు కూడా అడవిలో తిరుగుతున్నారు. వాళ్ళు నోరు విప్పి తమ కథ చెబితే, మనం మళ్ళీ "నీకెందుకే ఈ గొడవ" అనే అంటామా?

కాబట్టి వదినా, ఆ పుస్తకం మీ ఇంటికి పంపిస్తున్నాను. సీరియల్ పక్కన పెట్టి ఓ రెండు కథలు చదవండి. అన్నయ్యగారూ, ఈసారి ఫోనులో పులి వస్తే, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూశారు, జాడ ఏది అని నాలుగు ప్రశ్నలు వేసి అప్పుడు పంపండి. జవాబు లేకపోతే ఆ పులిని మీ ఫోనులోనే కట్టేయండి. అమ్మాయీ, నీతో రాత్రి మళ్ళీ వాదిస్తాను. అన్నం మాత్రం చల్లారనివ్వకు.

అమ్మా, ఇది చదువుతున్న మీకు ఒక్కటే చెబుతాను. రేపు మీ ఇంట్లో ఏదైనా కనిపించకపోతే, పనిమనిషి మొహం చూడకండి. ముందు వంగి నేల చూడండి. నేనా పని చెయ్యలేదు. మా అత్తగారు చేశారు.