అమ్మబోయే బండికి మరమ్మతు

సూరత్ నగరంలోని లింబాయత్ వీధులలో పవర్‌లూమ్‌ల చప్పుడు మధ్య తెలుగు మాట వినిపించడం వింత కాదు. కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాల నుండి నేతపని కోసం వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు అక్కడ ఏనాడో స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు బడులను కూడ నడుపుతున్నది.

అటువంటి వీధిలో ఒక నేతకార్మికుడు సిరిసిల్లకు తిరిగి పోవాలని నిశ్చయించుకొని, తన పదకొండేళ్ళ మోటారు సైకిలును బేరానికి పెట్టాడు. గుజరాత్‌లో నమోదైన బండిని తెలంగాణకు తీసుకుపోతే నిరభ్యంతర పత్రం, మళ్ళీ పన్ను, కొత్త నంబరు. అంత తంటా పడేకంటె అమ్ముకొని పోవడమే మేలనుకున్నాడు.

చిక్కల్లా పొగతో వచ్చింది. సైలెన్సరు నుండి నీలిపొగ వస్తున్నదంటే పిస్టన్ రింగులు అరిగి ఇంజను ఆయిలు మండిపోతున్నదని అర్థం. బోరు చేయించి కొత్త పిస్టన్ వేయడానికి 7,000 రూపాయలు అడిగాడు మెకానిక్కు. ఉన్నదున్నట్టు అమ్మితే 18,000 వస్తుంది. బాగు చేయిస్తే మహా అయితే 21,000. పాత బండి ధరను దాని వయస్సే చాలావరకు నిర్ణయిస్తుంది. లోపల పోసిన డబ్బు కొనేవాడి కంటికి ఆనదు. పైగా, ఈమధ్యనే ఇంజను విప్పారంటే అతనికి అనుమానం కూడ పుడుతుంది.

మెకానిక్కు మరో ఉపాయం చెప్పాడు. చిక్కని ఆయిలు పోస్తే కొన్నాళ్ళు పొగ కనబడదట! ఖర్చూ స్వల్పమే. ఆ పూటకు అతని మనస్సు అటే మొగ్గింది.

కొనవచ్చినవాడు పరాయివాడు కాడు. పక్క ఊరి కుర్రవాడు, రాత్రిపాళీ మగ్గం పనివాడు.

"పొగ సంగతి తర్వాత గానీ, ఆ వెనక బ్రేకు పడుతున్నదా? ఆ పిల్ల కడుపుతో ఉన్నది, రేపు ఆ బండి మీద ఎక్కేది తనే గదా," అన్నది ఇల్లాలు.

అతడు మారు పలకలేదు. మరునాడు బ్రేకు షూలు మార్పించాడు, చెయిను బిగించి నూనె వేయించాడు, బండి కడిగించాడు. అంతా కలిపి వెయ్యి దాటలేదు. ఇంజను జోలికి పోలేదు.

"తమ్మీ, ఇది ఆయిలు తాగుతది. ఏడు వేల పని ఉన్నది. చూసుకొని చెప్పు," అన్నాడు.

"తెలిసినోని దగ్గర బోరు చేయించుకుంటనే, అన్నా. రెండు వేలు తగ్గించు," అన్నాడు కుర్రవాడు.

16,000 కు బేరం తెగింది. దాచి ఉంటే వచ్చే రెండు వేలు పోయాయన్న దిగులు అతనికి లేకపోలేదు.

ఇటువంటి బేరాలలో పొగ మీద పెట్టిన శ్రద్ధ కాగితాల మీద పెట్టరు చాలామంది. ఆర్.సి. ఎవరి పేరున ఉంటే చట్టం దృష్టిలో యజమాని అతడేనని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత అతనిదేనని 2018లో సుప్రీం కోర్టు తేల్చి చెప్పింది. అమ్మినవాడు సిరిసిల్లలో ఉన్నా నోటీసు వెతుక్కుంటూ వస్తుంది. ఒకే రాష్ట్రంలో అమ్మకమైతే 14 రోజులలో తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం నియమం.

రైలు టికెట్టు తీసుకోకముందే ఇద్దరూ కలిసి ఆర్.టి.ఓ. కార్యాలయానికి పోయి 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు చేశారు. వెళ్ళేటప్పుడు బండి నడిపింది కుర్రవాడు; వెనక కూర్చున్న పాత యజమాని దారి పొడుగునా పొగవంకే తిరిగి చూస్తూ పోయాడు.