గృహనిర్వహణము: స్నానపుగదిలో నిలుచు నీరు

స్నానపుగదిలో నీరు నిలిచెడి యింట గృహిణికి మాట తప్పదు. అత్తగారు జారినను, పిల్లవాడు పడినను, “నేల తుడువరాదా?” యని అందరును ముందుగా ఆమెనే యడుగుదురు. నలుగురి స్నానములైన పిదప నాలుగుసారులును ఆమె చీపురు పట్టి నీటిని తూమువైపునకు త్రోయుచునే యుండును; అది మరల గోడమూలకు వచ్చి చేరుచునే యుండును. ఈ నెల మేము చెప్పదలచినది ఒక్కటే. త్రోసినను పోని నీరు ఊడ్చు చేతి దోషము కాదు, నేల దోషము. ఆ దోషమును నేలలోనే వెదకి కనుగొనవలెను గాని, పైపైన తుడిచియు, పైపైన పూసియు మాన్పలేము.

పూర్వమును ఈ దోషము లేకపోలేదు. దానివలని నష్టము తక్కువ. స్నానము పెరటిలో, నాపరాతి బండమీద జరుగుచుండెను. బండ వాలు తప్పినను నీరు అరటిపాదులోనికి పోయెడిది. మిగిలినది మట్టిలో ఇంకెడిది. నేడు స్నానపుగది పడకగది ప్రక్కకు వచ్చినది. అంతస్తుల యిండ్లలోనైతే ఒకరి స్నానపుగది నేలయే మరియొకరి యింటి పైకప్పు. మన నేలలో ఇంకిన చెంబెడు నీరు క్రిందివారి కప్పుపై మచ్చయగును; మచ్చ మాటయై, మాట జగడమగును. అంతకంటె పెద్దది ప్రాణభయము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన లెక్కనుబట్టి, ప్రపంచమున ఏటేట సుమారు 6,84,000 మంది జారిపడియో, క్రిందపడియో మరణించుచున్నారు. వారిలో అరువదియేండ్లు దాటినవారే యెక్కువ. కావున దీనిని చిన్న విషయముగా నెంచరాదు.

మంచి నేల యెట్లుండునో తెలిసిననే గాని చెడ్డ నేల తెలియదు. టైల్సు నీటినాపునని చాలమంది తలంతురు. టైలు తాను నీరు పీల్చకపోవచ్చును. రెండు టైల్సు నడుమ నింపిన సిమెంటు గ్రౌటు మాత్రము కొద్దికొద్దిగా పీల్చుచునే యుండును. నిజముగా నీటినాపునది టైల్సుక్రింద కంటికి కనబడని వాటర్‌ప్రూఫింగు పూత. అది నేలయంతటను పరచుకొని, మూలలలో తెగక గోడలపైకి ఒక అడుగైనను ప్రాకవలెను. షవరునీరు పడు గోడపై మనిషి తలయెత్తు వరకు ఉండవలెను. తూము కంఠమునకు సందులేక అతుకవలెను.

రెండవది వాలు. నేల ప్రతి మీటరునకు 10 మొదలు 20 మిల్లీమీటర్లవరకు తూమువైపునకు దిగవలెను; షవరు క్రింద కొంచె మెక్కువ, తక్కినచోట కొంచెము తక్కువ. ఈ వాలు పై టైల్సునకే కాక, క్రింది పూతకును ఉండవలెను. అప్పుడే గ్రౌటుగుండ దిగిన తడి పూతమీదుగా తూమునకు జారిపోవును. లేనిచో అచ్చటనే మడుగు కట్టును. పూర్తియైన గదిలో తూము జాలీకంటె పల్లమైన చోటు మరియొకటి ఉండరాదు. జాలీ క్రిందనుండు ట్రాపులో ఇంచుమించు రెండంగుళముల నీరెప్పుడును నిలిచియుండి మురుగువాసనను, బొద్దింకలను పైకి రానీయదు. చాలదినములు వాడని గదిలో ఆ నీరెండి కంపుకొట్టును. చెంబెడు నీరు పోసిన చాలును. స్నానపుగది నేల వెలుపలి గది నేలకంటె అర అంగుళము మొదలు అంగుళమువరకు పల్లముగా నుండుటయు అవసరము.

ఇది క్రొత్త విద్య కాదు. సింధుతీరమున మొహెంజొదారోలో 1920వ దశకమున త్రవ్వితీసిన మహాస్నానఘట్టము ఇంచుమించు 12 మీటర్ల పొడవును, 7 మీటర్ల వెడల్పును గలది. నాలుగువేల యేండ్లకు పూర్వమే దాని ఇటుకలను సందులేక పేర్చి, తారుపూతతో నీటిని బంధించి, అడుగును ఒక మూలనున్న తూమువైపునకు వాల్చిరి. పూత, వాలు, తూము అను మూటిని వారు మరువలేదు. నేటి మేస్త్రీ మరచుటకు కారణము తొందర. మనము అడుగకుండుటకు కారణము టైల్సు నిగనిగ.

ఇక పరీక్షలు. వీనికి మేస్త్రీ రానక్కరలేదు, గృహిణియే చేయవచ్చును.

మొదటిది బకెట్టు పరీక్ష. గది ఆరియున్నప్పుడు తూమునకు దూరపుమూల నిండు బకెట్టు నీరు పోసి, చీపురు తాకింపక అరగంట యాగుడు. పలుచని తడి మిగిలిన దోషము లేదు. మడుగు నిలిచినచో దాని అంచుచుట్టు సుద్దముక్కతో గీయుడు. ఆ గీతయే రేపు మేస్త్రీకి చూపవలసిన సాక్ష్యము.

రెండవది నాణెపు పరీక్ష. రూపాయి నాణెముతో టైల్సు నొక్కొక్కటిగా తట్టుడు. గట్టిగా మ్రోగినది నిండుగా అతికియున్నది. డొల్లగా మ్రోగినదాని క్రింద గాలి కలదు, నాడు గాలియున్నచోట రేపు నీరుండును. ఒకటి రెండు డొల్లయైన భయము లేదు. సగము గది అట్లున్న పని చెడినదనియే యర్థము.

మూడవది కాలమునుబట్టి కనిపెట్టుట. క్రింది కప్పుపై చెమ్మ స్నానములైన కొన్నిగంటలకు హెచ్చి, రెండుదినములు ఊరికి పోయిన తగ్గినచో, దోషము నేలదో తూముదో యగును. గది వాడకున్నను చెమ్మ తగ్గనిచో, ఎల్లప్పుడును నీటితోనుండు గొట్టము గోడలోపల కారుచున్నదని అనుమానింపవలెను. ఈ భేదము తెలియకయే అనేకులు మంచి నేలను పగులగొట్టించి, చెడ్డ గొట్టమును అట్లే విడిచిపెట్టుచున్నారు.

నాలుగవది నిలువనీటి పరీక్ష. క్రొత్తపని ముగిసినప్పుడు ఇది తప్పక చేయవలెను. తూమును గుడ్డతోనో బిరడాతోనో గట్టిగా మూసి, వాకిలికి అడ్డుకట్ట కట్టి, ఒకటి రెండంగుళముల లోతున నీరు నింపి, గోడపై మట్టము గుర్తించి, 24 గంటలు మొదలు 48 గంటలవరకు విడువవలెను. మట్టము ఆవిరియగునంతకంటె ఎక్కువ దిగినను, క్రింద మచ్చ కనబడినను పని సరికాలేదు. ఇదివరకే క్రింద నీరు బొట్లుబొట్లుగా పడుచున్న యింట మాత్రము ఈ పరీక్ష తగదు. ఆ కప్పులో దీపపు తీగెలుండును. ముందుగా క్రిందివారితో చెప్పి, వారి యెదుటనే మేస్త్రీచేత చూపించుట మర్యాదయు, క్షేమమును.

దోషము తెలిసిన పిదప చికిత్స దానికి తగినంతయే చేయవలెను. గ్రౌటు మాత్రమే రాలినచో పాతదానిని గీకివేసి, గదిని బాగుగా నారబెట్టి, ఎపాక్సీ గ్రౌటు నింపించుడు. అది సిమెంటు గ్రౌటువలె నీరు పీల్చదు. చెమ్మ తూముచుట్టునే యున్నచో చుట్టునున్న టైల్సు మాత్రము తీయించి, తూము కంఠమునకు పూత మరల అతికింపవచ్చును. మడుగు చిన్నదై, పూత బాగున్నచో ఆ కొన్ని టైల్సునే తీసి వాలు దిద్దవచ్చును. దిద్దునప్పుడు క్రింది పూత తెగకుండ చూచుకొనవలెను. గది యంతయు వాలు తప్పియు, పూత చెడియు నున్నచో మొత్తము తీయించుటకంటె వేరు దారి లేదు.

అట్టి సమయమున చౌకమాటలు చాల వినబడును. పాత టైల్సుమీదనే క్రొత్త టైల్సు పరచుదమందురు. దానివలన నేల లేచి గుమ్మమును సమీపించును, లోపలి చెమ్మ అట్లే మ్రగ్గును. తెల్లసిమెంటు పూసిన చాలునందురు. అది పాచిని కప్పును గాని నీటిని ఆపదు. మరకలు పోవుటకు యాసిడు పోయుదురు. యాసిడు గ్రౌటులోని సిమెంటును తిని సందులను పెంచును. యాసిడును బ్లీచింగు పౌడరును కలుపుట యెన్నడును కూడదు. అందుండి క్లోరిన్ అను విషవాయువు పుట్టును. తలుపువేసిన చిన్నగదిలో అది ప్రాణాపాయకరము.

మొత్తము మార్పించునప్పుడు పని వరుసను వ్రాసియిచ్చి చేయించుడు. మొదట గొట్టములను నీటితో నింపి పరీక్షించుట; పిదప వాలుగా గచ్చు; అది ఆరిన తరువాత పూత, మొదటిది నిలువుగాను రెండవది అడ్డముగాను; అది ఆరినంతట నిలువనీటి పరీక్ష; ఆ పిదపనే టైల్సు. టైల్సు వేసిన పిమ్మట మరల బకెట్టు పరీక్ష. టైలు గరుకుగాను చిన్నదిగాను ఉండుట మేలు. రెండడుగుల పెద్దటైలు నాలుగువైపులనుండి ఒక్క తూమునకు వంగజాలదు. పెద్దవే కావలెనన్నచో ఒక గోడవెంట పొడుగాటి తూము పెట్టించి నేలను ఒకేవైపునకు వాల్పవలెను. ప్రతి మెట్టున చేతిఫోనుతో ఛాయాచిత్రము తీసియుంచుడు. టైల్సు పడిన పిదప లోపలి సంగతి దేవునికి, మేస్త్రీకి తప్ప తెలియదు.

డబ్బు విషయము. కూలి యంతయు ముందే యిచ్చిన పరీక్షకు విలువయుండదు. కొంతభాగము చివరి నీటిపరీక్షకు నిలిపియుంచుదుమని మొదటనే చెప్పుడు. నిజాయితీగల మేస్త్రీ దానికి నొచ్చుకొనడు. క్రొత్తగా కొన్న ఫ్లాటులో ఈ దోషము కనబడినచో స్వంతధనముతో బాగుచేయించుకొనుటకు తొందరపడరాదు. రెరా యని పిలువబడు 2016వ సంవత్సరపు చట్టములోని 14వ విభాగమునుబట్టి, ఇల్లు స్వాధీనమైన తేదీనుండి 5 ఏండ్లలోపల పనితనపు లోపమును తెలియజేసినచో, కట్టినవారు 30 దినములలో ఉచితముగా సరిచేయవలెను. కావున ఫిర్యాదు నోటిమాటగా కాక, తేదీ వేసిన ఉత్తరముగా నుండవలెను. ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను ఇందుకై ప్రాధికార సంస్థలు కలవు.

పని జరుగునంతవరకు చేయదగిన జాగ్రత్తలు కొన్ని గలవు. ఇంటి పెద్దలను నేల పొడిగా నున్నప్పుడే, అందరికంటె ముందు స్నానమునకు పంపుడు. గోడకు గట్టి పట్టుకమ్మి బిగింపించుడు. కూర్చుండుటకు జారని పీట వేయుడు. మడుగున్న చోట గుడ్డ పరువక, అడుగున పట్టుగల రబ్బరుచాప వేయుడు. తడిగుడ్డయే కాలికి మొదటి శత్రువు.

ఇంటిపనులలో మేస్త్రీతో మాటాడుట పురుషుల పనియనియు, తరువాత తుడుచుకొనుట స్త్రీల పనియనియు ఏర్పాటు చాలయిండ్లలో కలదు. ఆ నేలపై దినమునకు పదిసారులు అడుగుపెట్టునది ఎవరో, దాని వాలు ఎటున్నదో చెప్పగలవారును వారే. కావున ఈసారి పని ముగిసి, చివరి డబ్బు చేతులు మారకముందు, గృహిణి స్వయముగా ఒక బకెట్టు నీటితో గుమ్మమున నిలువవలెనని మా కోరిక. నీరు తనంత తాను తూము చేరినదాక ఆ పని పూర్తియైనట్లు ఒప్పుకొనకుడు.