రక్తఫలకికల దాతకు సత్యము చెప్పవలెను

“దాతకు ఏమియు కాదు” అని దానమునకు పిలుచువారు తఱచుగా చెప్పుచుందురు. “రక్తము తీసినచో మనుష్యుడు క్షీణించును” అని ఇంటి పెద్దలు భయపడుదురు. ఈ రెండు మాటలును సత్యమునకు దూరములే. ఆరోగ్యవంతుడైన దాత శరీరమున కొంత మార్పు కలుగును. సాధారణముగా అది స్వల్పము, తాత్కాలికము. దానిని దాచక చెప్పుటయే న్యాయమని నా అభిప్రాయము.

రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు ఫలకికలను ప్లేట్‌లెట్లు అందురు. ఆరోగ్యవంతుని రక్తమున మైక్రోలీటరునకు ఇవి సుమారు 1,50,000 మొదలు 4,50,000 వరకు ఉండును. ఎముకల మజ్జ నుండి పుట్టి, 8 లేక 10 దినములు మాత్రమే జీవించును. దానము చేయకున్నను పాతవి నశించుచు క్రొత్తవి పుట్టుచునే యుండును.

దానసమయమున యంత్రము దాత రక్తమును గ్రహించి, ఫలకికలను వేఱుచేసి, ఎఱ్ఱకణములను తిరిగి శరీరములోనికి పంపును. ఇందుకు గంట మొదలు రెండు గంటలు పట్టును. రక్తము గడ్డకట్టకుండుటకై కలుపు సిట్రేటు కాల్షియమును కొంత బంధించును. అందుచే పెదవులును వ్రేళ్ల కొనలును తిమ్మిరెక్కవచ్చును, చలి వేయవచ్చును. వెంటనే తెలిపినచో యంత్రవేగమును తగ్గింతురు, కాల్షియము మాత్ర నిత్తురు. సూది గ్రుచ్చినచోట కమలవచ్చును. కొందఱికి కన్నులు తిరుగును. తగ్గిన ఫలకికల సంఖ్య కొలది దినములలో పూర్వస్థితికి వచ్చును.

ఏండ్ల తరబడి మిక్కిలి తఱచుగా దానము చేసినవారిలో కొందఱికి లింఫోసైట్లను తెల్లకణములు తగ్గుట 2019లో ప్రకటింపబడిన పరిశోధనలో కనబడినది. దాని ఫలితములు ఇంకను విచారింపబడుచున్నవి. మన దేశపు నియమముల ప్రకారము రెండు దానముల నడుమ కనీసము 48 గంటలు గడువవలెను. వారమునకు 2, సంవత్సరమునకు 24 పర్యాయములు మించరాదు. ఈ హద్దులు దాత రక్షణకొఱకే యేర్పడినవి.

ఇవన్నియు చెప్పినచో దాతలు బెదరి పోవుదురని కొందఱందురు. నేనట్లు తలపను. ముందు తెలియనివాడు పెదవులు తిమ్మిరెక్కగానే బెదరి మరల రాడు. ఊరివారిని కూడ బెదరించును. తెలిసినవాడు నిబ్బరముగా కూర్చుండును, మరల వచ్చును. సేకరించిన ఫలకికలు సాధారణముగా 5 దినములకు మించి నిలువ యుండవు. రక్తపు కేన్సరుతో బాధపడువారికి ఇవి పదేపదే కావలసివచ్చును. కావున మరల వచ్చు దాతయే రోగికి నిజమైన ఆధారము.

మన వంటి అన్యభాషా ప్రాంతవాసులకు మఱియొక చిక్కు కలదు. చదువనేరని భాషలోని పత్రముపై చేయు చేవ్రాలు నిజమైన సమ్మతి కాజాలదు. విద్యార్థులారా! 18 ఏండ్లు నిండనిదే మీరు దాతలు కాజాలరు. కాని మీరు ఇక్కడి రాష్ట్రభాషను, ఇంగ్లీషును చదువగలరు. మీ తండ్రియో అన్నయో దానమునకు పోవునపుడు వెంట వెళ్లి, ఆ పత్రమును ఆమూలాగ్రముగా తెలుగున చదివి వినిపింపుడు. వారు విని, గ్రహించి, తమంత తాము సమ్మతించిననాడే అది దానమనిపించుకొనును.